ఛాత్రోపాధ్యాయుల చేతిలో సాంకేతికత: సిప్పీఘాట్ నేర్పే పాఠం

2004 డిసెంబర్ 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు కుంగింది. నేటి శ్రీ విజయపురం, నాటి పోర్ట్ బ్లెయిర్‌కు సమీపంలోని సిప్పీఘాట్‌లో పల్లపు పొలాలను సముద్రపు నీరు ముంచెత్తింది. వరి పండిన నేల నేడు పక్షులు వాలే చిత్తడి. ఇప్పుడు బడికి వెళ్తున్న పిల్లలు ఆ తర్వాత పుట్టినవారే. బోధనాభ్యాసానికి వచ్చే ఛాత్రోపాధ్యాయులకు ఇంతకు మించిన సజీవ పాఠం దొరకదు. అయితే వారి చేతిలోని ఫోను ఆ పాఠాన్ని చూపుతుందా, మరుగుపరుస్తుందా అన్నదే ప్రశ్న.

ఉపాధ్యాయ విద్యా జాతీయ మండలి 2014లో బీఎడ్‌ను రెండేళ్లకు పెంచి, అందులో 20 వారాలను పాఠశాల అనుభవానికి కేటాయించింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభం కావడంతో ద్వీపాల ఇంటర్నెట్ కష్టాలు చాలావరకు తగ్గాయి. దీక్షా వేదికపై తెలుగులోనూ పాఠాలున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. కానీ ప్రధాన భూభాగం కోసం రూపొందిన పాఠాల్లో గోదావరి కనిపిస్తుంది, సిప్పీఘాట్ కనిపించదు.

వీడియో చూపడం సులభం. తెర వెలిగితే తరగతి నిశ్శబ్దమవుతుంది. పర్యవేక్షకుల దృష్టిలో పాఠం విజయవంతమైనట్టే అనిపిస్తుంది. ఆ నిశ్శబ్దం అవగాహనకు గుర్తు కాదు. సాంకేతికతను అతిగా వాడినా, అర్హుడైన ఉపాధ్యాయుడు లేకుండా వాడినా ప్రయోజనం ఉండదని యునెస్కో 2023 నివేదిక హెచ్చరించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరగతి గదుల్లో సెల్‌ఫోన్ల వాడకాన్ని నిషేధించింది.

నిషేధం ఒక మార్గం; సరైన వినియోగాన్ని నేర్పడం మరో మార్గం. 2004కు ముందు, తర్వాత తీసిన ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన ఉంచి, ఏ పొలం ఎక్కడ మునిగిందో పిల్లల చేతనే గుర్తింపజేయవచ్చు. నాటి అనుభవాలను ఇంటి పెద్దల మాటల్లోనే, వారి అనుమతితో, రికార్డు చేయించవచ్చు. ఛాత్రోపాధ్యాయుడు తన పాఠాన్ని తానే రికార్డు చేసుకుని వింటే, ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగాడో తెలుస్తుంది.

ఇందుకు మూల్యాంకనం కూడా మారాలి. పాఠ్య పథకంలో ఎన్ని ఉపకరణాలు వాడారన్న లెక్క కన్నా, వాటి వల్ల పిల్లలు ఏమి అడిగారు, ఏమి కనుగొన్నారన్నదానికి మార్కులు దక్కాలి. కేబుల్ ప్రపంచాన్ని సిప్పీఘాట్‌కు చేర్చింది. సిప్పీఘాట్‌ను పాఠంలోకి చేర్చవలసింది మాత్రం ఉపాధ్యాయుడే.