కొండల్ని కోస్తా అని రాసేస్తే చలి తగ్గిపోద్దా?



మొన్న ఈ గ్రూపులోనే ఒకన్న రాశారు, "చలి మనకి కొత్తా? దానికీ ఒక పోస్టేటి?" అని. అన్న మీద కోపం లేదు గానీ జవాబు మాత్రం చెప్పాలి. అరసవల్లి హాస్టల్లో నలుగురం కూర్చుని రాస్తన్నాం.

భారత వాతావరణ శాఖ ఏటా చలికాలం మొదట్లో, ఫిబ్రవరి దాకా చలి ఎలా ఉంటాదో అంచనా ఇస్తది. వాళ్ల లెక్కలో దేశం 36 ఉపవిభాగాలు. మన సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, పాడేరు, చింతపల్లి ఎందులో ఉన్నాయో తెలుసా? "కోస్తా ఆంధ్రప్రదేశ్, యానాం"లో! 30 చదరపు కిలోమీటర్ల యానాంకి పేరుంది. ఇన్ని కొండలకి పేరు లేదు.

పేరులో ఏముంది అంటారేమో. చాలా ఉంది. కళింగపట్నంలో వాతావరణ కేంద్రం సముద్రం ఒడ్డునే ఉంది. సముద్రం రాత్రి వేడిని బేగి ఒదులుకోదు, అందుకే అక్కడ చలి తక్కువ. కొండ మీద అలా కాదు. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు 6 డిగ్రీలు తగ్గుతాది. మబ్బు లేని రాత్రి నేల వేడంతా పైకి పోతాది. చల్లగాలి బరువు కాబట్టి వాలు మీంచి జారి లోయలో నిలబడిపోతాది. తెల్లారి గెడ్డ పక్క ఊళ్లల్లో మంచు లెగవకపోడానికి కారణం అదే. ఒడ్డున తీసిన అంకె ఆ లోయకి ఏం పనికొస్తాది?

ఇంకో తిరకాసుంది. మైదానంలో 10 డిగ్రీలకి దిగి, మామూలు కంటే కనీసం 4.5 తగ్గితే చలిగాలులు అంటారు. కొండ ప్రాంతమైతే ముందు సున్నాకి దిగాలి. అది హిమాలయాలకి సరిపోయే గీత. మనకేమో ఏటా చలే, మామూలే తక్కువ, ఇంక తేడా ఎక్కడ కనబడతాది? అంచనాకి కోస్తా, గీతకి కొండ అంటే మన పిల్లల వణుకు ఏ కాగితం మీదకీ ఎక్కదు.

లంబసింగి మాత్రం టీవీల్లో వస్తాది. ఎవరి కోసం? మంచు చూడ్డానికి కార్లలో వచ్చేవాళ్ల కోసం. ఆ ఊరికి కొర్రబొయలు అని ఇంకో పేరుంది. బయట ఉంటే కొర్రులా బిగుసుకుపోతాం అని అర్థం. ఆ పేరు పెట్టినోళ్లు సెల్ఫీకి రాలేదు కదా.

"తాతలు తట్టుకోలేదా" అంటారు కొందరు. తాతకి నెగడుంది, ఇంటి మధ్యలో పొయ్యుంది. హాస్టల్ గదిలో నెగడేస్తే ఊరుకుంటారా? మేం చదివిన ఆశ్రమ పాఠశాలలో (పేరెందుకులెండి) కిటికీకి రెక్క లేదు, అట్టముక్క కట్టేవాళ్లం. ఒక ఏడాది దుప్పట్లు సంక్రాంతి సెలవులయ్యాక వచ్చాయి. అప్పటిదాకా ఇద్దరికి ఒకటి. పక్కోడు రాత్రంతా దగ్గితే మనకీ నిద్ర లేదు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం. చలి చెప్పకుండా వచ్చిందని అప్పుడు ఎవరైనా అనగలరా?

ఇంటికాడ జీడి పూతకొచ్చేదీ ఈ చలికాలంలోనే. మంచు దట్టంగా పడితే పూత మాడిపోతాది. మేఘదూత్ యాప్‌లో రైతులకి సలహాలు ఇస్తన్నారు, మంచిదే. కానీ సిగ్నల్ కోసం చెట్టెక్కే ఊరికి అది చేరేదెలా?

మేం అడిగేది పెద్దది కాదు. మన్యానికి వేరే చలికాలం అంచనా ఇవ్వాలి. అది అక్టోబరులోనే ఐటీడీఏలకి చేరాలి, దుప్పట్ల ఆర్డరు ఆ కాగితం చూసి కదలాలి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చలి కొలుస్తన్నారు కదా, అలాంటి కొలత సీతంపేట, కురుపాం వైపు లోయల్లోనూ ఉండాలి.

అంతవరకూ మనం ఊరికే ఉండొద్దు. ఫోన్లో కనబడేది మన ఊరి కొలత కాదు, దూరం నుంచి లెక్కగట్టిన అంకె. రథసప్తమికి ఇక్కడ అరసవల్లిలో చలి విరిగిపోతాది, మన ఊళ్లల్లో అప్పటికీ నెగడు ఆరదు. సంక్రాంతికి ఇంటికెళ్లే ప్రతి ఒక్కరూ ఒక థర్మామీటరు తీసుకెళ్లండి. ఎండా, గోడా తగలకుండా నీడలో వేలాడదీసి, రోజూ తెల్లారకముందే అంకె చూసి, ఊరి పేరుతో ఇక్కడ పెట్టండి. పోస్టెందుకన్న అన్నా, మొదటి అంకె మీ ఊరిదే పెట్టండి.