నీరు తేటగా ఉంటే చాలునా?



మీ తరగతి గోడమీద తెలంగాణ పటం ఉంటే దాని దక్షిణపు అంచు ఒకసారి చూడండి. పడమటినుంచి కృష్ణానది వస్తుంది. దానికి దక్షిణంగా తుంగభద్ర వస్తుంది. ఈ రెండు నదుల నడుమ ఉన్న నేలకు నడిగడ్డ అని పేరు. గద్వాల ఉన్నది అక్కడనే. కృష్ణకు ఇవతలి ఒడ్డున వనపర్తి, దానికి తూర్పున నల్లమల అడవులదాకా నాగర్‌కర్నూలు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లాయే. పాలమూరు అనగానే మీ అమ్మానాన్నలకు కరువూ, వలసా గుర్తుకు వస్తవి. ముంగిట నదులు పారుతున్నా బిందెడు మంచినీటికోసం ఎంతో దూరం నడిచిన ఆడవాళ్ళు ఈ ఊళ్ళలో ఎందరో.

ఇప్పుడు కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో శ్రీశైలం జలాశయపు నీటిని తోడి, శుద్ధిచేసి, పైపులద్వారా ఊళ్ళకు పంపుతున్నారు. ఇది 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకంలో ఒక భాగం. నీటిని ఎట్లా శుద్ధిచేస్తారో తెలుసునా? ముందు పటిక కలుపుతారు. మన అవ్వలు బురదనీటి కుండలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు గదా, పటిక పనీ అదే. మట్టి ముద్దకట్టి అడుగుకు దిగిపోతుంది. తరువాత నీటిని ఇసుక పొరలగుండా వడగడతారు. ఆఖరున క్లోరిన్ కలుపుతారు. చిల్లగింజ నీటిని తేట చేస్తుందేగాని, రోగక్రిములన్నిటినీ చంపదు. ఆ పని క్లోరిన్‌ది. తేటనీరు వేరు, మంచినీరు వేరు. ఈ భేదం తెలియకనే ఎన్నో ఇళ్ళలో ఏడుపులు వినవచ్చినవి.

అయితే ఇంత శుద్ధిచేసి పంపిన తరువాత కూడా తొలకరి పడగానే వాంతులు, విరేచనాలు ఎందుకు వస్తున్నవి? 2022 జులైలో గద్వాల పట్టణంలోనే కలుషితమైన నీరు తాగి ఎంతోమంది ఆసుపత్రి పాలయినారు. కర్మాగారంలో మంచిగా ఉన్న నీరు దారిలో ఎక్కడ చెడింది?

మీరు హోళీనాడు పిచికారీ ఆడి ఉంటారు. కాడను వెనక్కు లాగితే రంగునీళ్ళు లోపలికి దూరుతవి. మన ఊరి నీటిపైపు కూడా ఒక్కొక్కప్పుడు పిచికారీ అవుతుంది. నీరు రోజంతా రాదు. గంటో రెండు గంటలో వచ్చి ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ పైపు మోరీ కిందుగా పోతున్నదనుకోండి, దానికి సూదిమొనంత బెజ్జం ఉన్నదనుకోండి. నిండుగా నీరున్నప్పుడు ఆ బెజ్జంలోనుంచి నీరు బయటికి కారుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మోరీ నీరు లోపలికి దిగుతుంది. ఇది చాలదన్నట్టు కొందరు నల్లాకే మోటారు బిగిస్తారు. అది పిచికారీ కాడను గట్టిగా లాగడమే! తమ తొట్టి నిండుతుంది, వీధిలోని మురికి పైపులోకి వస్తుంది. నల్లాకు నీరు ఎక్కడంలేదని నేలలో గుంత తవ్వి, ఆ గుంతలో బిందె పెట్టి పట్టుకొనే ఇళ్ళు కూడా ఉన్నవి. వానపడితే ఆ గుంత నిండుతుంది. నల్లామూతి అందులో మునిగి ఉంటుంది. ఇక చెప్పవలసినదేమున్నది?

ఇటువంటి చిక్కును మొదట విప్పినవాడు లండన్ నగరంలోని జాన్ స్నో అనే వైద్యుడు. 1854లో అక్కడ బ్రాడ్ వీధి అనే పేటలో కలరా వచ్చింది. మన పెద్దలు గత్తర అనేవారే, అదే. పదిరోజుల్లో 500 మందికి పైగా చనిపోయినారు. చెడుగాలి వల్ల వస్తున్నదని అందరూ అన్నారు. స్నో మాత్రం ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవారు ఏ నీరు తాగినారో అడిగినాడు. చాలామంది ఒకే బోరింగు నీరు తాగినవారు. ఆయన మాటమీద అధికారులు ఆ బోరింగు పిడిని ఊడదీయించినారు. అక్కడి చర్చి గురువు హెన్రీ వైట్‌హెడ్ మొదట స్నో మాట నమ్మలేదు. తప్పని రుజువు చేద్దామని తానుకూడా ఇల్లిల్లూ తిరిగినాడు. చివరకు తేలిందేమిటంటే, జబ్బుపడిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళను ఆ బావిని ఆనుకొని ఉన్న మలగుంతలో పోసినారు. గుంత గోడలు శిథిలమై అది బావిలోకి ఊరింది. కలరా క్రిమిని రాబర్ట్ కోచ్ మన కలకత్తాలో పట్టి చూపింది ఆ తరువాత ముప్పై ఏళ్ళకు, 1884లో.

ఈ కథలో నేను పదేపదే తలుచుకునేది ఆ పసిబిడ్డనే. మన పల్లెల్లో ఇప్పటికీ ఒక మాట ఉన్నది: “పసిపిల్లల దొడ్డికి దోషం ఏముంటుంది?” అని. బోరింగు గట్టుమీదనే బిడ్డను కడుగుతారు, గుడ్డలు జాడిస్తారు. నిజానికి విరేచనాలు ఎక్కువగా వచ్చేది పసివాళ్ళకే, కనుక క్రిములు ఎక్కువగా ఉండేదీ అక్కడనే. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా అనే క్రిములు పదినుంచి వంద లోపల ఒంట్లోకి పోయినా చాలు, మనిషి మంచం ఎక్కుతాడు. పదివేల క్రిములను కలిపి పెట్టినా గుండుసూది తలంత కావు!

కొన్ని క్రిములు తమకు అనుకూలమైన చోట 20 నిమిషాలకొకసారి రెట్టింపు అవుతవి. పొద్దున ఏడుగంటలకు వండి, మూత లేకుండా వదిలిన పప్పులో ఈగ ఒక్క క్రిమిని వదిలిందనుకోండి. మధ్యాహ్నం రెండు గంటలకు ఎన్ని అవుతవి? గంటకు మూడుసార్లు చొప్పున ఏడు గంటలకు 21 రెట్టింపులు. రెండును 21 సార్లు హెచ్చించి చూడండి. 20,97,152 వస్తుంది. బడినుంచి ఆకలిగా వచ్చిన తమ్ముడు కడిగీ కడగని చేత్తో ఆ పప్పే కలుపుకుంటాడు.

చేతుల సంగతి వచ్చింది గనుక ఒక పరీక్ష చెబుతాను. మీలో ఒకరు అరచేతికి రంగు సుద్దపొడి బాగా రాసుకొని అరగంట మామూలుగా తిరగండి. తరువాత ఆ రంగు ఎక్కడెక్కడ అంటిందో మిగిలినవాళ్ళు వెతకండి. తలుపు గడియ, పలక, పక్కవాడి చొక్కా, తాగునీటి డ్రమ్ములో ముంచిన గ్లాసు, ఇంకా మీ మూతి! దొడ్డికి పోయివచ్చి సబ్బుతో కడగని చెయ్యి కూడా సరిగా ఇంత ప్రయాణమూ చేస్తుంది. గ్లాసు పట్టిన వేళ్ళు నీటిలో మునుగుతవి గనుక, డ్రమ్ములో గాని రంజనులో గాని పొడుగు కాడ ఉన్న గరిటె వేయాలి.

నీరు కాచి తాగమని అందరూ చెబుతారు. తెర్లనిచ్చి ఒక నిమిషం ఉంచితే చాలు, క్రిములు చస్తవి. కాని కట్టెలెవరిస్తారు? గ్యాసు ఎవరిస్తారు? కూలికి పోయి చీకటిపడి వచ్చే తల్లి ఇంటిల్లిపాదికీ బిందెలకొద్దీ నీరు కాచగలదా? పేదవారికి చేయలేని పని చెప్పి, చేయలేదని నిందించడం నాకు నచ్చదు. పసివాళ్ళకూ, జబ్బుపడినవాళ్ళకూ కాచండి. మిగిలినవారికి క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. బిళ్ళలకోసం ఆశా కార్యకర్తను అడగండి. నల్లమల పెంటల్లోని చెంచువారు వాగు ఇసుకలో చెలమ తవ్వి నీరు తీసుకొనేవారు. ఇసుక నీటిని వడగడుతుంది, అది మంచిదే. కాని అదే వాగుకు పశువులూ వస్తవి. అటువంటి నీటిని కాచడం తప్పదు.

మీ తాతలను నారికురుపు సంగతి అడగండి. దిగుడుబావి నీటిలోని కంటికానని పురుగుల ద్వారా అది ఒంట్లోకి పోయి, ఏడాదికి కాలినుంచి మూరెడు నారపోగులాగా బయటికి వచ్చేది. దానికి మందూ లేదు, టీకా లేదు. గుడ్డతో నీరు వడగట్టడం, దిగుడుబావులలో కాలు పెట్టనీయకపోవడం, అంతే! మన దేశంలో ఆఖరి రోగిని 1996లో చూచినారు. 2000లో భారతదేశానికి ఆ పీడ విరగడైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయితే విరేచనాల క్రిములు గుడ్డకు చిక్కవు, అంత చిన్నవి.

ఇక మరుగుదొడ్డి. 2014నుంచి ఎన్నో ఊళ్ళలో కట్టినారు. అందులో పిడకలూ కట్టెలూ నిలవచేసినవాటిని నేను చూచినాను. తమాషాగానే ఉంటుంది గాని, ఆ ఇంటివాళ్ళు వాన వస్తే పొలం గట్టుకే పోవాలి గదా! దాని గుంత బావికి గాని బోరింగుకు గాని కనీసం 15 మీటర్ల దూరాన ఉండాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఇంట్లో చంటివాడికి విరేచనాలు పట్టుకొన్నవనుకోండి. “కడుపు ఎండగట్టండి, నీళ్ళివ్వకండి” అని ఎవరైనా అంటే వినవద్దు. బిడ్డను చంపేది చాలాసార్లు క్రిమి కాదు. ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడం. వట్టి నీరు తాగిస్తే పేగు సరిగా పీల్చుకోదు. ఉప్పుతోబాటు పంచదార ఉంటే పేగు గోడ రెండిటినీ కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటివెంట నీరూ పోతుంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు, సెలైను సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు డ్రమ్ములలో ఈ ద్రావణం కలిపించి గ్లాసులతో తాగించినాడు. నూటికి ముప్పైమంది దాకా చనిపోతున్న చోట మరణాలు నాలుగు లోపలికి దిగినవి.

ఓ.ఆర్.ఎస్. పొట్లం పెద్దదయితే అంతా ఒకేసారి లీటరు మంచినీటిలో కలపాలి. పొట్లం దొరకకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. విరేచనం అయినప్పుడల్లా కొంచెం కొంచెం తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో పట్టాలి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. తల్లిపాలు ఆపకూడదు, తిండి ఆపకూడదు. జింకు బిళ్ళలు ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదులో 14 రోజులు వేయాలి. కళ్ళు గుంటలు పడినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆ క్షణాన ఆసుపత్రికి పరుగెత్తాలి. ద్రావణం దారిలో పడుతూనే ఉండాలి. ఇంట్లో చంటిపిల్ల ఉంటే రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాలకు వేయించినారో లేదో అమ్మను అడగండి. ఆ టీకాలలో ఒకటి మన హైదరాబాదులో తయారైనదే.

ఈ నెల లెక్క: నాలుగు మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో మూడు మీటర్ల లోతు నీరున్నది. వెడల్పును వెడల్పుతో, దానిని లోతుతో, దానిని 3.14తో హెచ్చించి నాలుగుతో భాగిస్తే 37.68 ఘనపు మీటర్లు, అంటే 37,680 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి కావాలి. మొత్తం సుమారు 94 గ్రాములు. దానిని బక్కెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేటను బావిలో కలిపి, గంట దాటినాకనే తోడుకోవాలి. మూత తెరిచి ఉంచిన పొడికి బలం పోతుంది.

మీ ఊరి బావికి ఎంత పొడి కావాలో మీరు లెక్కకట్టి పంపండి. కొలతలు మాత్రం పెద్దవాళ్ళచేత, తాడుకు రాయి కట్టించి తీయించండి. మీరు బావి ఒరమీద వంగకండి. బావి లేని ఊరివాళ్ళు నీళ్ళ టాంకీకి లెక్కకట్టవచ్చు.