బొంత కుట్టే చేతికి కూలి ఏది?

భీమడోలు: పొత్తు కుదరని పార్టీలు కలిసి మంత్రివర్గం ఏర్పాటు చేస్తే దానిని ‘అతుకుల బొంత’ అని వెక్కిరించడం మన రాజకీయాల్లో అలవాటైపోయింది. బొంతకు ఇంతకంటె అన్యాయం మరొకటి ఉండదు. మంత్రివర్గం అతుకులు ఏడాది తిరక్కుండానే ఊడిపోవచ్చు గాని, సరిగా కుట్టిన బొంత ఒక పిల్లవాడిని పొత్తిళ్ళ నుంచి బడి ఈడు దాకా మోసి, ఆ తరువాత వాడి తమ్ముడికి పక్క అవుతుంది.

బొంతకు కావలసిన సరుకు కొనేది కాదు. నాలుగైదు పాత నూలు చీరలు, చిరిగిన పంచెలు, దర్జీ మిషను కింద పడిన ముక్కలు చాలు. ఉతికి ఉతికి మెత్తబడిన చీర పైకీ కిందికీ, చిరుగులున్నవి మధ్యలోకీ పోతాయి. పసిబిడ్డ ఒంటికి కొత్త గుడ్డ కంటె అమ్మమ్మ కట్టి విడిచిన చీరే సుఖమని పురుడు పోసిన ప్రతి ఇంటికీ తెలుసు.

పై పొర ముక్కలతో కుట్టాలంటే లెక్క తేలికే. జానెడు చదరాలు అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం 48 ముక్కలైతే నాలుగున్నర అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు వస్తుంది. కుట్టుకు నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున వదిలి కోయాలి. ముదురు రంగు పక్కన లేత రంగు వేస్తూ పోతే చదరంగపు బల్ల తయారవుతుంది. చదరాన్ని మూలకు మూల కోసి రెండు రంగుల త్రికోణాలను కలిపితే ఇంకా అందం. అయితే ఆ ముక్కను ముందే కాస్త పెద్దదిగా తీసుకోవాలి. ఏటవాలు అంచు సాగుతుంది కనుక లాగకుండా కుట్టాలి. కొత్త గుడ్డ కలిపేటట్లయితే ముందు తడిపి ఆరవేయాలి. లేకుంటే మొదటి ఉతుకుకే అది ముడుచుకుని పక్క ముక్కను చింపుతుంది. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దు వీపు మీది రంగురంగుల బొంతను చూసినవారికి ఈ పని కొత్తేమీ కాదు.

అసలు శ్రమ ఆ తరువాత మొదలవుతుంది. పొరలన్నీ అరుగు మీద పరచి, ముడతలు లేకుండా అంచులకు ఇటుకలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టుకుంటూ పోవాలి. అంగుళానికి ఒక వరస చొప్పున 53 వరసలు. ఒక్కొక్క వరస 6 అడుగులు. అంటే 318 అడుగుల కుట్టు! అంగుళానికి రెండు పోట్లు వేసినా మొత్తం 7,600 పోట్లు దాటుతాయి. ఐదారు పొరల గుడ్డలో సూది దిగడం మాటలు కాదు. ఇంత పనినీ ‘ఖాళీగా కూర్చోలేక కుట్టింది’ అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. ఇతరుల ఇంటికి కుట్టిపెట్టిన ముసలమ్మకు కూడా ఒక పూట భోజనం, ఒక పాత చీర ఇస్తే చాలుననుకునే ఇళ్ళు ఉన్నాయి.

ఈ కథ గోదావరి జిల్లాలకు కొత్తది కాదు. నరసాపురం లేసు విదేశాలకు వెళ్ళింది, వ్యాపారులు బాగుపడ్డారు. అల్లిన ఆడవారిది మాత్రం తీరిక వేళ కాలక్షేపంగానే లెక్కకు వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతే రాశారు. ఇల్లాలని పేరు పెట్టి కూలి తగ్గించడం ఎంత సులువో ఆ పుస్తకం చెబుతుంది.

బొంత వెనకబడడానికి వేరే కారణాలు లేకపోలేదు. సిల్కు, పాలిస్టరు చీరలు వచ్చాక ఇళ్ళలో నూలు చీర తగ్గింది. పాలిస్టరు చెమట పీల్చదు, బొంతకు పనికిరాదు. ఉన్న పాత బట్టలను స్టీలు సామాన్ల వాళ్ళు గిన్నెలకు మారకం పట్టుకుపోతారు. దేశదేశాల పాత ఉన్నిబట్టలను చీల్చి నూలు తీసి పానిపట్టులో నేసే రగ్గులు చవకగా దొరుకుతున్నాయి. పైగా తడిసిన బొంత మహా బరువు. కొల్లేటి లంకల్లో ముసురు పడితే రెండు రోజులకైనా ఆరదు. ఇవన్నీ నిజమే. కాని పసిబిడ్డ కింద పరిచేందుకు రగ్గు పనికిరాదు గదా!

కనుక డ్వాక్రా సంఘాలు పసిపిల్లల బొంతలతో ప్రారంభించడం మంచిది. చిన్నవి గనుక త్వరగా అవుతాయి, త్వరగా ఆరతాయి, పురిటి ఇళ్ళలో గిరాకీ ఉంటుంది. దర్జీలు పారవేసే నూలు ముక్కలను సంఘం సంచులు పెట్టి సేకరించవచ్చు. భోగి మంటలో పాత బట్టలు వేసేవారు కూడా నూలు చీరలను విడిగా తీసి ఉంచాలి. పాలిస్టరునైతే మంటలో అసలే వేయరాదు, ఆ పొగ పిల్లలకు మంచిది కాదు.

కూలి మాట మాత్రం సూది పట్టకముందే తేల్చుకోవాలి. గుడ్డ, దారం ఇంటివారివే అయినప్పుడు లెక్క కష్టం కాదు. ఎన్ని రోజులు పడితే అన్ని రోజుల ఊడ్పుల కూలి. నడుము వంగక చేలోకి దిగలేని ముసలమ్మ అయినా సరే, కుట్టిన రోజుకు అదే రేటు ఇవ్వాలి.