సకాలంలో అందాలి

1959లో భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగినప్పుడు ఖనిజాన్ని అందించినవి దల్లీ రాజహరా కొండలు. గోండు, హల్బా గిరిజనులు తరతరాలుగా నివసిస్తున్న సీమ అది. అక్కడి బిడ్డ కళాశాల చదువుకై వచ్చి సుపేలాలో గది అద్దెకు తీసుకుంటే, ఆధారం మెట్రిక్ అనంతర విద్యార్థి వేతనమే. ఆదాయ పరిమితికి లోబడిన గిరిజన విద్యార్థులకు ఉద్దేశించిన ఈ పథకంలో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరిస్తాయి. అయితే రుసుము గడువు దాటాక అందే సొమ్ముతో ప్రయోజనమేమి? వేళకు కోక్ పడని కొలిమి గతి మనకు తెలియనిది కాదు. కుల, ఆదాయ ధ్రువపత్రాల్లోనో, ఆధార్, బ్యాంకు ఖాతాల్లోనో పేరు ఒక్క అక్షరం తేడాగా ఉన్నా చెల్లింపు నిలిచిపోవచ్చు. మేము కోరేది ఒక్కటే. మన ఇరుగుపొరుగున ఉన్న గిరిజన విద్యార్థి దరఖాస్తును గడువుకు ముందే సరిచూసి పెడదాం. ఆ కొండల ఋణం కొంతైనా తీరుతుంది.