చీటి మాని మేమే పోతిమి

మా అమీరుపేటలో గోడగోడకును ఉద్యోగవిద్యల ప్రకటనలే. కావ్యము గావలసినచో మావారిచేతికి చీటి యిచ్చి సుల్తానుబజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు బంపుచుంటిమి. వసుచరిత్రమని వ్రాసిన అపరాధపరిశోధక నవల వచ్చెడిది! విసిగి, మొన్న మెట్రోబండిలో పంజాగుట్ట మీదుగా కోఠీకి మేమే పోతిమి.

ఆ నిలయము 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింటనే పుట్టినది. 1910లో వారు గతించిన పిదప స్వంత భవనమునకై ద్రవ్యమొసగినవారు వారి యిల్లాలు లక్ష్మీనరసమ్మగారు. ఇన్నేండ్లు ఈ సంగతి మేమెఱుగమైతిమి.

అచ్చటనే కూర్చుండి మూడు గంటలు చదివితిమి. వంట జాగై యింట మాటపడితిమి, నిజమే. అయినను వచ్చు నెల మా పేరిటనే చందా గట్ట నిశ్చయించితిమి. పొరుగింటి కోడలును వచ్చునట, అత్తగారు ఒప్పుకొన్నచో.