పళ్ళెం చప్పుడు పరీక్ష కాదు

మన సంఘంలో పెళ్ళి మాట రాగానే "బయట తెలుగు సంబంధం ఎక్కడ వెతుకుతాం, మేనమామ ఉండనే ఉన్నాడుగా" అనడం పరిపాటి. హోసూరు, కృష్ణగిరి వైపు తరతరాలుగా ఉంటున్న మనకు ఇందులో సౌకర్యం ఉంది, కాదనను. పిల్ల తెలిసిన ఇంట్లో పడుతుంది, ఇంటి భాష నిలుస్తుంది. కాని కామర్సు చదివినవాణ్ణి, జమతో పాటు ఖర్చు కూడా చూడకుండా ఉండలేను.

మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. బావామరదళ్ళకు ఎనిమిదో వంతు. పుట్టుచెవుడు తెచ్చే జన్యులోపాల్లో ఎక్కువ భాగం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా వస్తేనే బయటపడతాయి. ఒక వైపు నుంచే వస్తే ఆ మనిషి చక్కగా వింటాడు, తనలో లోపం ఉందనే తెలియదు. ఒకే తాతగారి నుంచి ఆ లోపం ఇద్దరికీ వచ్చి ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. "మా వంశంలో చెవిటివాళ్ళు లేరండీ" అన్న మాట అందుకే భరోసా కాదు. మేనరికం చేసుకున్నా ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, బయటి సంబంధాల్లోనూ పుట్టుచెవుడు ఉంది. రెండు వైపుల నుంచీ రావలసిన దానికి కోడల్ని ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

పెళ్ళి సంగతి ఎలా ఉన్నా, నా బాధ ఆలస్యం గురించి. బంగారం మీద అప్పుకు మా బ్రాంచికి వచ్చే ఒక దంపతుల బాబుకు రెండున్నరేళ్ళ దాకా చెవుడని తెలియలేదు. వెనక నుంచి పళ్ళెం మీద గరిటెతో కొడితే తిరిగి చూస్తున్నాడని బామ్మగారి ధీమా. బిడ్డ తిరిగింది నీడ కదిలినందుకో, నేల అదిరినందుకో కావచ్చు. పైగా చెవుడున్న పసివాడు కూడా మొదటి ఆరు నెలలూ అందరిలాగే ఊఁ కొడతాడు, కేరింతలు వేస్తాడు. ఆ తర్వాత మాటలు రాకపోతే "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అనే మాట సిద్ధంగా ఉంటుంది.

ఓ.ఎ.ఇ. అనే పరీక్ష పుట్టిన రెండు మూడు రోజులకే చేయవచ్చు. చెవిలో చిన్న మొన పెట్టి శబ్దం పంపుతారు. లోపలి చెవి బదులుగా పుట్టించే సన్నని ధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. సూది లేదు, నొప్పి లేదు, బిడ్డ నిద్రలో ఉండగానే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మొదటిసారి తప్పినంత మాత్రాన చెవుడని కాదు, చెవిలో తడి ఉన్నా తప్పుతుంది. మళ్ళీ చేయిస్తారు. అప్పటికీ తప్పితే బెరా అనే పరీక్షలో శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందా అని చూస్తారు. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు, ఇదీ వైద్యులు పెట్టుకున్న గడువు. ఆసుపత్రి నుంచి బిడ్డను తెచ్చుకునే రోజున బిల్లుతో పాటు ఈ పరీక్ష సంగతి కూడా అడగండి.

ముందు వినికిడి యంత్రం పెట్టి చూస్తారు. చెవుడు తీవ్రమైతే కాక్లియర్ ఇంప్లాంటు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబయిలో 1983లో మొదలైన అలీ యావర్ జంగ్ సంస్థ ఇందులో పెద్ద దిక్కు. (ఆ జంగ్ గారు మన ఉస్మానియాకు వైస్ చాన్సలరుగా చేసినవారే.) ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాలకు, అయిదేళ్ళలోపు పిల్లలకు కేంద్రం 2014 నుంచి ఎడిప్ పథకం కింద ఈ సాయం చేస్తోంది. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకంలోనూ ఈ ఆపరేషన్ ఉంది.

ఆపరేషన్ అయిన మర్నాడే మాటలు రావు. ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి. పైన తగిలించే యంత్రానికి వైర్లు, బ్యాటరీలు, వారంటీ తీరాక మరమ్మతు అన్నీ ఖర్చే. నేను చెప్పిన దంపతులకు ఆపరేషన్ ఉచితంగానే జరిగింది, గొలుసు కుదువ పెట్టింది ఈ యంత్రం కోసం. ఆపరేషన్ నెల నుంచే ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే ఆ గొలుసు ఇంట్లోనే ఉండేది.

బళ్ళో తమిళం కాబట్టి ఇంట్లో తెలుగు మానేయమని వాళ్ళకు ఎవరో సలహా ఇచ్చారట. ఇంప్లాంటు ఉన్న పిల్లలు రెండు భాషలు నేర్చుకోగలరని నిపుణులే అంటున్నారు. తల్లికి ధారాళంగా వచ్చిన భాషలో బిడ్డ ఎంత ఎక్కువ వింటే అంత మేలు. ఆ తల్లికి తమిళం అంతంత మాత్రం. ఇప్పుడు వంట చేస్తూ ప్రతి పనీ తెలుగులో చెబుతూ చేస్తోంది. వాడు మొన్న తాళింపు చిటపటలు విని పొయ్యి వైపు తిరిగి "ఆవాలు" అన్నాడట.