మ్రాను దినెడి పుట్టగొడుగు



వానలు పడినతోడనే మా కార్వేటినగరము చుట్టుపట్ల మామిడితోపులలోని పాతదుంగలమీద చిప్పలవంటి పుట్టగొడుగులు మొలచుట చూచుచునే యుందుము. అట్టి దుంగ కొన్నాళ్లకు తెల్లబడి, చేత నలిపిన పీచుపీచుగా రాలును. గొడ్డలికి లొంగని కొయ్యను ఈ మెత్తని ప్రాణి యెట్లు దినుచున్నది?

కొయ్యకు గట్టితన మిచ్చునది లిగ్నిన్ అను పదార్థము. దానిని విరుగగొట్టుటకై ఈ శిలీంధ్రము లాకేజు, లిగ్నిన్ పెరాక్సిడేజు మొదలగు ఎంజైములను వెలుపలికి స్రవించును. మనము తిని జీర్ణించుకొందుము. అది ముందు జీర్ణించి పిమ్మట పీల్చుకొనును.

దీనితో మనకేమి పని యందురా? మనకు చేరువనే నగరి, ఏకాంబరకుప్పములయందు మరమగ్గములు, అద్దకపు పనులు గలవు. నూలునకు పట్టక మిగిలిన రంగునీరు నేలలో నింకి బావుల జేరినచో, ముందుగా కష్టము కడవ మోయు స్త్రీదే. అనేకములగు అద్దకపు రంగులను ఈ ఎంజైములు విరుగగొట్టగలవని పరిశోధనలవలన తేలినది. అయితే శిలీంధ్రము తనంతట దాను వీనిని కొలదిగానే యిచ్చును. హెచ్చుగా నిప్పించుటెట్లు?

చక్కగా మేపినచో నిచ్చునని తలంతుము. ఫానెరోకీట్ అను జాతి యట్లు గాదు. నత్రజని పుష్కలముగా నున్నంతకాలము అది ఒడలు పెంచుకొనును. నత్రజని తరిగిన పిమ్మటనే లిగ్నిన్ పెరాక్సిడేజును విడుచును. అన్ని జాతులకు నిదే నియమము గాదు. పెక్కు జాతులలో మైలుతుత్తము రవంత చేర్చిన లాకేజు హెచ్చును. మితిమీరినచో నదియే విషమగును. గోధుమతవుడు మేతయు నగును. అందలి ఫెరూలిక్ ఆమ్లము ఎంజైమును ప్రేరేపించును గూడ. మన రాయలసీమలోనే అనంతపురమందలి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు, దుంగలపై లభించిన స్టీరియం ఆస్ట్రియా అను శిలీంధ్రపు ఎంజైములను గూర్చి 2011లో ప్రకటించిరి.

పాలకు తోడువేయు మనకు ఈ మర్మము క్రొత్తది గాదు. తోడెంత, వెచ్చదనమెంత, వేళయెంత యని యెరుగుటయే గదా పెరుగు కుదురుటకు మూలము!

రెండు మాటలు మాత్రము మరువరాదు. దుంగలపై మొలచిన దెల్ల తినదగినది కాదు. తెలియనిదానిని వంటింటికి దేవలదు. మఱియు, రంగు పోయినంతమాత్రమున నీరు శుద్ధమైనట్లు కాదు. విరిగిన రంగు ముక్కలును కొన్ని హానికరములు కావచ్చును. కావున కంటికి తేటగా నున్నదని నమ్మక, పరీక్షించిన నీటినే బిడ్డలకు త్రాగనిత్తుము గాక!